అక్క వదలని మణికట్టు

బోథ్ దగ్గర పల్లెలో మా అక్క ఇంటివాళ్లు మోకులు పేనడానికి జనుము కట్టలను చేనులోని పాత బావిలో నానబెట్టేవారు. వాగులో వేస్తే కొట్టుకుపోతాయని బావ భయం. నేను బడిపంతులుగా కుదిరిన కొత్తలో, దసరా సెలవులకు వెళ్లినప్పుడు, నానిన కట్టలు తీయడానికి బావ బావిలో దిగబోయాడు.

మా వైపు ఆడవాళ్లు నలుగురిలో భర్తతో నేరుగా మాట్లాడేవారు కాదు.

"తమ్మీ, మీ బావను నడుముకు తాడు గట్టుకోమను" అంది అక్క.

"నేనేమన్న దున్నపోతునా, తాడు గట్టనీకి?"

"కాదని ఎవలన్నరు?" అంది నన్నే చూస్తూ.

బావ నవ్వుతూ కట్టించుకున్నాడు. బావిలోంచి కుళ్లిన గుడ్ల కంపు కొడుతోంది. దిగుతూ చాలాసేపు తిట్టుకున్నాడు. అడుగున మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాక, "బామ్మర్దీ, కంపు పోయింది. ఇగ ఫికర్ లేదు" అని కేకేశాడు. మేమూ సంతోషించాం. అంతలోనే దబ్బున పడిన చప్పుడు.

పక్క చేను రైతుతో కలిసి పైకి లాగాం. ఊపిరి ఉంది, తెలివి లేదు. నాడి పట్టుకుంటే ఒక్కసారి కొట్టుకుని ఆగుతోంది, మళ్లీ కొట్టుకుంటుందో లేదో అన్నట్టు. బండిలో వేసి బోథ్ దవాఖానకు బయల్దేరాం. దారిపొడుగునా అక్క ఆయన మణికట్టు పట్టుకునే కూర్చుంది.

డాక్టరు సాబు జరిగిందంతా విని, సూది వేసి, గాలి తగిలేలా వరండాలో పడుకోబెట్టించాడు.

"అది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కాడ పుడ్తది. జర ఎక్కువైతే ముక్కు మొద్దువడ్తది, వాసన తెల్వదు. కంపు పోలే పంతులూ, ముక్కే పోయింది. ఊపిరి అందక గుండె కూడా సుస్తయితది" అన్నాడు.

అక్క ఒక్కటే అడిగింది. "మల్ల మంచిగ కొట్టుకుంటదా?"

"చూడాలమ్మా."

పొద్దు వాలేసరికి అక్క వేళ్ల కింద నాడి కుదుటపడింది. బావ కళ్లు తెరిచి, దవాఖాన జనాన్ని చూసి సిగ్గుపడ్డాడు.

"బామ్మర్దీ, మీ అక్కను చెయ్యి ఇడువమను. అందరు చూస్తున్నరు."

అక్క మొదటిసారి నా ముఖం చూడకుండా, ఆయనతోనే అంది.

"చూడనీ. నేను ఇడువ."

మర్నాడు బండి ఊళ్లోకి వచ్చేటప్పుడు అరుగుల మీద జనం లేచి నిలబడి చూశారు. అక్క చెయ్యి తీయలేదు. బావ కూడా గుంజుకోలేదు.