కౌసల్య నలభై అడుగులు

మా షేక్‌పేట కౌసల్య ఏ రోడ్డుకైనా ఒకటే పరీక్ష పెడుతుంది. వెనక్కి చూడకుండా ఎన్ని అడుగులు వేయవచ్చు? మా గల్లీలో గేదెలు అడ్డం వచ్చినా రెండు వందలు. ఫిలింనగర్ బంగళాల ముందు పది కూడా కష్టమే. "గంత పెద్ద ఇండ్లు కట్టిన్రు, మనిషి నడిచేటంత జాగ ఉంచలే" అని మూతి తిప్పేది.

ఆమె జూనియర్ ఆర్టిస్టు. సినిమా పెళ్లిళ్లలో హారతి పళ్లెం పట్టుకునే ముత్తయిదువ వేషం ఆమెదే. నిజానికి భర్త పోయి తొమ్మిదేళ్లు. షూటింగు వ్యాను ఎక్కడానికి రోజూ పొద్దున జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా నడిచేది. దారిలో నిర్మాత వీరరాఘవయ్య గారి బంగళా. ఫుట్‌పాత్ నిండా ఆయన పూలకుండీలే. సందులోంచి ఎలాగో దూరి పోదామంటే వాచ్‌మన్ హనుమంతు అడ్డం.

"అక్కా, జర రోడ్డు మీదికి దిగు. సారు బయల్దేరే టైము. బొట్టు లేనోళ్లు ఎదురు రావద్దన్నడు."

రెండు వేల అయిదులో ఆ రోడ్డు మీదికి దిగడమంటే మాటలా? హైటెక్ సిటీకి ఉరికే క్యాబులు ఒకదాని వెనక ఒకటి. ఒకరోజు ఒక చక్రం ఆమె పాదం మీదుగా పోయింది. రెండు నెలలు మంచం. నాకైతే ఒళ్లు మండిపోయింది. కౌసల్య మాత్రం లేచి నడిచిన రోజునే ఒట్టు పెట్టుకుంది, ఇక ఆ బంగళా ముందు ఫుట్‌పాత్ దిగేది లేదని.

ఆ వారమే వీరరాఘవయ్య గారి కొత్త సినిమా ముహూర్తం. ఆయన బయల్దేరేటప్పుడు నిండు ముత్తయిదువ ఎదురు రావాలట. మేనేజరు జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు లీలాకుమారికి ఫోన్ చేశాడు. ఆవిడ ఇంకెవరిని పంపుతుంది? పట్టుచీర, రూపాయి బిళ్లంత బొట్టు, కాస్ట్యూమ్ పెట్టెలోని తాళితో కౌసల్యనే పంపింది. అడ్రసు విని కౌసల్య నవ్వుకుంది.

శకునానికి దారి కావాలని కుండీలన్నీ తీయించారు. నీళ్ల బిందెతో ఆమె నడిచింది. నలభై అడుగులు, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా. వీరరాఘవయ్య గారు గేటులోనే చేతులు జోడించారు.

ఆమె బిందె దించి, కొంగుతో బొట్టు తుడిచేసింది.

"నన్ను గుర్తువట్టిన్రా సారూ? రోజూ రోడ్డు మీదికి దింపుతరు గదా, గా కౌసల్యను."

"ఏంటమ్మా ఇది, ముహూర్తం వేళ!" ఆయన మొహం పాలిపోయింది.

"బొట్టు మీది, తాళి మీది. నడక ఒక్కటే నాది. కుండీలు మల్ల పెట్టకుండ్రి. రేపు పొద్దుగాల గిట్లనే వస్త."

సాయంత్రానికల్లా కుండీలు మళ్లీ వచ్చాయి. లీలాకుమారి ఇక పని లేదు పొమ్మంది. అయినా మర్నాడు ఎనిమిదింటికి, ఎక్కడానికి వ్యాను లేకపోయినా, కౌసల్య చెప్పులు వేసుకుంది. భయపడుతూనే నేనూ వెంట వెళ్లాను.

హనుమంతు ఆమె బోసి నుదుటిని చూశాడు. సొట్టబోయిన పాదాన్ని చూశాడు. తర్వాత వంగి మొదటి కుండీని తనే పక్కకు లాగాడు.

"నడువు అక్కా."

గేటులోంచి వీరరాఘవయ్య గారి కారు హారన్ కొడుతూ బయటికి వచ్చింది. కౌసల్య దిగలేదు. కారే ఆగింది.