ఐరోపా ఒప్పందానికి వ్యతిరేకంగా మా అమ్మాయి

మా తెలుగు సంఘం పిల్లలకు చర్చా పోటీ పెడితే న్యాయనిర్ణేత ఎప్పుడూ మా కన్సల్టెన్సీ ఓనరే. హాలు అద్దె, భోజనాల ఖర్చు ఆయన కన్సల్టెన్సీ పెట్టుకుంటుంది మరి. నా వీసా కూడా ఆ కన్సల్టెన్సీదే. ఈ పార్సిప్పనీ ఊళ్లో నేను పనిచేసే ఆఫీసుకు నన్ను కాంట్రాక్టు మీద పంపింది ఆయనే. పిల్లలందరికీ ఆయన అంకుల్.

ఈసారి విషయం కూడా ఆయనే ఇచ్చాడు. ఐరోపా దేశాలన్నిటినీ ఒకే రాజ్యాంగం కిందికి తెచ్చే ఒప్పందాన్ని ఇరవయ్యేళ్ల కిందట ఫ్రాన్స్ జనం ఓటేసి తిప్పికొట్టారు. అది తప్పా, ఒప్పా? చీటీ తీస్తే మా అమ్మాయికి 'ఒప్పు' వచ్చింది. మిగతా తల్లులు నన్ను జాలిగా చూశారు. దేశాలు కలుస్తామంటే వద్దనేవాళ్లు పరాయివాళ్లను తరిమేసేవాళ్లే అయ్యుంటారని వాళ్ల నమ్మకం. మనవాళ్లకు లోకంలో ఏ రాజకీయమైనా చివరికి వీసా గొడవే.

మా అమ్మాయి పదకొండో తరగతి. కాదన్నవాళ్లలో వామపక్షాల వాళ్లూ ఉన్నారని చదివి తెలుసుకుంది. బయటి కూలీ వస్తే వాళ్లకు బాధ లేదు. యజమానులు వచ్చినవాడికి తక్కువ ఇచ్చి, పక్కవాడి పొట్ట కూడా కొడతారనే వాళ్ల కోపం. అంట్లు తోముతున్న నా వెనక నిలబడి అడిగింది.

"అమ్మా, ఇది నీ స్టోరీ కదా? సేమ్ వర్క్ చేస్తావ్, కానీ నీకు తక్కువ ఇస్తారు."

"ఉన్నదే చదువుకో. నన్ను మధ్యలోకి లాగకు" అన్నాను.

పోటీ రోజు బాగానే మాట్లాడింది. ల, ళ తేడా తెలియని తెలుగులోనే, ఆ ఒప్పందం ప్రకారం ఆసుపత్రులూ పోస్టాఫీసులూ కూడా మార్కెట్లో పోటీ పడాలంటే పేదవాళ్ల గతేమిటని అడిగింది. "ఎవరైనా రావచ్చు, కానీ పే ఈక్వల్ ఉండాలి" అంది.

ఆయన మైకు అందుకున్నాడు. "బాగుందమ్మా. మరి మీ అమ్మ కూడా బయట్నించి వచ్చిందే కదా. ఆమెని కూడా పంపించేద్దామా?"

హాలంతా నవ్వింది. ఎవరు నవ్వారో చూశాను. రోజూ లంచ్‌లో నా ఎదురుగా కూర్చుని, ఈ కన్సల్టెన్సీ మన కష్టం మింగేస్తోందని ఏడ్చేవాళ్లు. ఒకడైతే చప్పట్లు కూడా కొట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. ఆ ఇల్లు మా జీతాల్లోంచి కోసుకున్నదానితో కట్టిందైతే?

మా అమ్మాయి నోరు తెరిచింది. మాట రాలేదు. తెలుగు అందడం లేదనుకున్నాను. నా వైపు చూసి తల దించుకుంది. ఇక ఆగలేక లేచాను.

"నన్ను పంపించమని అది అనలేదు అన్నగారూ. ఆఫీసులో నా పక్క సీట్లో ఆవిడకి ఇచ్చినంత నాకూ ఇమ్మంటోంది. నేను మీ కాంట్రాక్టు మీదే ఉన్నాను. ఎంత తేడానో మీకు తెలుసు."

నవ్వు ఆగిపోయింది. లంచ్ మిత్రులు ఫోన్లు తీసి చూసుకోసాగారు. సిగ్గులేని మనుషులు. ఆయన మాత్రం నవ్వుతూనే ఉన్నాడు.

"ఆవేశం ఎక్కువమ్మా నీకు. సోమవారం కాల్ చెయ్యి, మాట్లాడుకుందాం."

బహుమతి ఎదుటి పక్షానికి ఇచ్చారు. భోజనం చెయ్యకుండా కారెక్కాం. దారి పొడుగునా తిట్టుకుంటూనే డ్రైవ్ చేశాను. కొంచెం చల్లారాక, "తెలుగులో మాట దొరకలేదా నాన్నా?" అని అడిగాను.

"దొరికింది. ఆన్సర్ నువ్వే కదా. కానీ చెప్తే అంకుల్ నీ వీసా తీసేస్తాడు. అప్పుడు నాది కూడా పోతుంది."

సిగ్నల్ దగ్గర కారాపాను. తను కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"ఈ ఇయర్ స్కూల్ అయ్యేదాకా ఉండనిస్తారా అమ్మా?"