పెద్దాయన బూడిదైన గురువారం

ఆ రోజుల్లో కంప్యూటర్‌ని చూడాలంటే చెప్పులు బయట విడవాల్సిందే. ఇప్పుడు బెండకాయలు ఏరుకుంటూ కూడా జేబులోంచి తీసి చూసుకునేవాళ్ళకి ఈ మాట నమ్మబుద్ధి కాదు గాని, ఏలూరులో మా ఆఫీసుకి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు దానికొక గది, గదికొక ఏసీ, తలుపుకొక ఆకుపచ్చ కర్టెను, గడప ఇవతల వరసగా మా అందరి చెప్పులు ఉండేవి. (ఏసీ దానికే. మాకు ఫ్యాను.) ఆ గది నాకు అప్పగించారు. ఆఫీసులో అందరికంటే చిన్నవాణ్ణి, ఇరవై ఆరేళ్ళవాణ్ణి, ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి, కాదనే ధైర్యం లేనివాణ్ణి. పైగా తొమ్మిదో తరగతి నుంచీ ఒక్కరోజు తప్పకుండా డైరీ రాస్తున్నవాడు వస్తువుని పాడుచేయడని మా పెద్దాయన సిఫారసు.

పెద్దాయన అంటే మా హెడ్ క్లర్కు గారు. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరులో వచ్చేవారు. పౌరోహిత్యం వాళ్ళ ఇంటి విద్య కావడాన ఆయన సొరుగులో స్టాంపు ప్యాడ్ పక్కన పంచాంగం ఉండేది, దుర్ముహూర్తంలో ఏ ఫైలూ ఆయన బల్ల దాటేది కాదు. నా ప్రొబేషన్ సంతృప్తికరంగా పూర్తయిందని నోట్ రాయాల్సింది ఆయనే. ఆయన రాస్తే నా ఉద్యోగం పర్మనెంటు. రాసేదాకా నేను ఎవరు తుమ్మినా ఉలిక్కిపడే మనిషిని.

ఒకసారి మెషీను చూడ్డానికి వచ్చిన మెకానిక్కు ఒక ఫ్లాపీ మరిచిపోయి వెళ్ళాడు. అందులో ఉన్నది ఒక ఆట. ఒక ఊరు, ఆ ఊరి నేల కింద పది అంతస్తుల చీకటి కొట్లు, అట్టడుగున రాజుగారి కిరీటం ఎత్తుకుపోయి కూర్చున్న మాంత్రికుడు. మనం ఆరుగురిని పుట్టించి, పేర్లు పెట్టి, ఆయుధాలిచ్చి లోపలికి దింపాలి. బొమ్మలంటే నల్ల తెర మీద తెల్లగీతలే. గీత ఉంటే గోడ, లేకపోతే దారి. పటం ఆట ఇవ్వదు, అడుగులు లెక్కపెట్టుకుంటూ మనమే గీసుకోవాలి. (ఇది నాలాంటివాడి కోసమే చేశారని మొదటిరోజే అర్థమైంది.) లంచ్ గంటలో ఆడుతూ డైరీలో పేజీకొక అంతస్తు చొప్పున స్కేలు పెట్టి గీశాను. ఆరుగురికీ ఆఫీసువాళ్ళ పేర్లే పెట్టాను. రాక్షసులు ముందువరసనే కొడతారు కనుక, ఆఫీసరు గారి ముందు మా తరఫున నిలబడే పెద్దాయన్ని కత్తి ఇచ్చి ముందు నిలబెట్టాను. మంత్రాలు ఒక్క అక్షరం తప్పకుండా టైపు చేయాలి కనుక మంత్రగత్తె పదవి మా టైపిస్టు గారికిచ్చాను. నన్ను నేను ఆఖరివరసలో పెట్టుకున్నాను.

వారం తిరక్కుండా పెద్దాయనకి తెలిసిపోయింది. కేకలేస్తారనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చి, కళ్ళజోడు పైకి తోసి, "ఏవండీ, నా బలం ఎంతండీ?" అన్నారు.

"పద్దెనిమిదండీ. అంతకంటే ఎక్కువ ఉండదండీ."

"ఆయ్!" అని, మోకాళ్ళ నొప్పులతో గుమ్మం పట్టుకుని దిగే ఆ మనిషి, ఆ రోజు గుమ్మం పట్టుకోకుండా దిగారు. అది మొదలు రోజూ క్యారేజీ ముగించి వచ్చి తన క్షేమసమాచారం కనుక్కునేవారు. "నిన్న ఎంతమందిని నరికానండీ?" అని అడిగి, చెప్పగానే టైపిస్టు గారి వైపు తిరిగి, "విన్నారా అమ్మా?" అనేవారు.

అలాంటి మనిషి, అత్తిలిలో బంధువుల పెళ్ళికని సెలవు పెట్టిన రోజున, నేల కింద మూడో అంతస్తులో, తూర్పుగోడ పక్కన, రెండు తలల రాక్షసుడి చేతిలో చనిపోయారు. మిగిలిన ఐదుగురం శవాన్ని మోసుకుని పైకి వచ్చేశాం. ఆ ఆటలో వెనక్కి తిరగడం లేదు, జరిగింది జరిగినట్టు ఫ్లాపీ మీద రాసుకుపోతుంది. ఊళ్ళో గుడికి తీసుకెళ్తే బతికిస్తారు, కాని తప్పకుండా అని కాదు. మొదటిసారి కుదరకపోతే మనిషి బూడిదవుతాడు. రెండోసారీ కుదరకపోతే పేరుతో సహా చెరిగిపోతాడు.

మర్నాడు ఆయన వచ్చి, "నేనెలా ఉన్నానండీ?" అన్నారు.

"విశ్రాంతిగా ఉన్నారండీ," అన్నాను. (డైరీలో ఎన్నడూ అబద్ధం రాయలేదు. నోటికి ఆ నియమం లేదు.)

"పోయారండీ," అన్నారు టైపిస్టు గారు, టైపుమిషను మీంచి తల ఎత్తకుండా.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. చేతిలో నా ఫైలు ఉంది, నోట్ రాయడానికే తెచ్చుకున్నారట. దాన్ని మెల్లగా చంకలో పెట్టుకుని, "ముందు నా సంగతి తేల్చండి. మీది తర్వాత చూద్దాం," అని వెళ్ళిపోయారు.

పంచాంగం తీశారు. ఆయనది ఉత్తర నక్షత్రం. గురువారం పుబ్బ, ఆయనకి పరమమిత్ర తార, అంతకంటే మంచిరోజు లేదు. ఒంటిగంటన్నరకి రాహుకాలం వస్తుంది కాబట్టి ఆ లోపు అయిపోవాలి. ఒంటిగంటా పదికి అందరం లోపలున్నాం. టైపిస్టు గారు శుభమా అని కొత్త చీర కట్టుకొచ్చారు. గుడిలోకి తీసుకెళ్ళి, మీట నొక్కాను. తెర మీద నాలుగు మెరుపులు మెరిసి, ఒక్క మాట వచ్చింది: బూడిద.

నా ప్రొబేషన్ కూడా ఆ బూడిదలోనే కనిపించింది. పెద్దాయన మాత్రం పంచాంగం వైపు అనుమానంగా చూస్తున్నారు. కాసేపటికి తలమీద చెయ్యి వేసుకున్నారు. "ఎంత పొరపాటు చేశానండీ! నేను నా నక్షత్రానికి చూశాను. పోయింది నేను కాదు కదండీ, ఆయన! ఆయన ఎప్పుడు పుట్టారో మనకేం తెలుసు?"

"నాకు తెలుసండీ," అన్నాను. డైరీ తెరిచాను. 'మంగళవారం. మధ్యాహ్నం 1.12. పెద్దాయన పుట్టారు.'

నా డైరీని నా జీవితంలో ఎవరైనా కళ్ళకద్దుకున్నారంటే ఆ ఒక్కసారే. అక్కడికక్కడే తెల్లకాగితం మీద జాతకచక్రం వేశారు. మృగశిర. మృగశిరకి పుబ్బ ఏడోది, నైధన తార, మరణమే. "చంపింది రాక్షసుడు, బూడిద చేసింది నేను," అన్నారు. తర్వాత వేళ్ళు మడిచి, "రేపు ఉత్తర. మిత్ర తార. దివ్యంగా ఉంది!" అన్నారు.

"మీకు జన్మనక్షత్రం, మంచిది కాదు కదండీ?" అన్నాను.

"నాకేమైతేనేం అండీ? బతకాల్సింది ఆయన!"

శుక్రవారం దుర్ముహూర్తం దాటేదాకా ఆగి, మెషీను ఆన్ చేయబోతుంటే కరెంటు పోయింది. చీకటిగదిలో ఏడుగురం ఉత్తకాళ్ళతో నిలబడి ఉండగా కర్టెను తొలగింది. ఆఫీసరు గారు.

"ఏం జరుగుతోందండీ ఇక్కడ?"

"ఒక్క పది నిమిషాలు ఆగండి సార్," అన్నారు పెద్దాయన, ఆఫీసరుతో ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడని మనిషి. "నేను బతకాలి."

టైపిస్టు గారు మొదటినుంచీ చెప్పుకొచ్చారు. ఆఫీసరు గారు అంతా విని, బయటికి వెళ్ళి, చెప్పులు విడిచి తిరిగొచ్చారు. "నేనూ ఉన్నానా అందులో?"

"ఉన్నారండీ," అన్నాను.

"ఏం పని?"

ఆటలో ఆయన దొంగ. పెట్టెల తాళాలు తీసేవాడు లేకపోతే ఆట సాగదు, బీరువా తాళాలన్నీ ఉండేది ఆయన దగ్గరే. "తాళాల శాఖండీ," అన్నాను. ఆయన సంతృప్తిగా తలూపారు.

ఒంటిగంటా నలభై ఒకటికి కరెంటు వచ్చింది. ఫ్లాపీ గరగరలాడింది. ఆఫీసరు గారు గడియారం చూశారు, పెద్దాయన కళ్ళు మూసుకున్నారు, నా వేలు మీట మీద ఉండిపోయింది. చివరికి ఆయనే కళ్ళు తెరవకుండా, "నొక్కండి, పర్లేదు," అన్నారు. నాలుగు మెరుపులు. ఆ తర్వాత, ముందువరసలో, తన స్థానంలో తాను, పెద్దాయన!

మా కేకలకి పక్క ఆఫీసువాళ్ళు ఎవరికో ప్రమోషన్ వచ్చిందనుకుని వచ్చారు. ఆఫీసరు గారు పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపుతూ అభినందనలు చెప్పారు, అలాంటప్పుడు ఇంకేమంటారో ఎవరికీ తెలియదు. ఆయన నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "కాస్త నీరసంగా ఉంటుందండీ, రెండురోజులు ముందువరసలో నిలబెట్టకండి," అన్నారు. సాయంత్రం లోపు నా నోట్ వెళ్ళింది. అందులో 'విధి నిర్వహణలో వివరాలు నమోదు చేయుటయందు మిక్కిలి శ్రద్ధాపరుడు' అన్న వాక్యం ఒకటుంది, అది నేనడిగింది కాదు.

పెద్దాయన వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి డైరీలో రాయడానికి మాత్రం చెయ్యి రాక పేజీ ఖాళీగా వదిలేశాను, నా డైరీలన్నిటిలో అదొక్కటే. ఫ్లాపీ ఇంకా బీరువాలో ఉంది, దాన్ని చదివే మెషీను ఏలూరులో ఎక్కడా దొరకలేదు. దాంతోపాటు దాచిన జాతకచక్రంలో ఆయన చేతిరాతతో 'దీర్ఘాయుష్మంతుడు' అని ఉంది. కాబట్టి ఆ గీతల గోడల మధ్య ఎక్కడో ఆయన క్షేమమనే నా లెక్క. ఆ రోజు పంచాంగం చూసి లోపల్లోపల నవ్వుకున్న ఇరవై ఆరేళ్ళవాడు, ఈ నాలుగు పేజీలు మొదలుపెట్టడానికి ఇవాళ పొద్దున పెన్ను మూత తీసి, మళ్ళీ మూసి, వర్జ్యం వెళ్ళేదాకా కూర్చున్నాడు.