వండి తెచ్చిన అన్నం

టీవీలో ఎక్కడో భూకంపం వచ్చిందని చూపిస్తుంటే మా ఆయన మెచ్చుకుంటూ కూర్చుంటాడు. "సూడు, ఎట్ల లైన్ల నిలవడ్డరో. మనోళ్ళయితే లారీ మీద పడుదురు" అంటాడు. ఇంకో దేశంలో వరదొచ్చి జనం నిజంగానే లారీ మీద పడితే "ఏం మనుషులో" అని ఛానల్ మారుస్తాడు. నాకు ఒళ్ళు మండుతుంది. పొట్లం అందుకునే పద్ధతిని బట్టి మనుషుల మంచిచెడ్డలు తేల్చేసేవాళ్ళకు, ఆ పొట్లం ఎవరు ఎట్లా ఇచ్చారో అడగాలని తోచదు. అసలు తీసుకోకుండా ముఖం తిప్పుకున్నవాళ్ళు ఏ టీవీలోనూ కనబడరు. మా చిన్నమ్మ అట్లాగే తిప్పుకుంది. నేను వండి తెచ్చిన అన్నం ముట్టలేదు.

రాష్ట్రం రావడానికి కొన్నేళ్ళ ముందు సంగతి. మేం అప్పటికే సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టర్‌లో ఉన్నాం. మా ఆయనది బొగ్గుగని లోపల పని, మా నాన్నదీ అదే పని. మా అమ్మ చెల్లెలు మాత్రం గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్ళో రైతు ఇంటికి కోడలిగా పోయింది. పిల్లల్లేరు. ఆ ఏడు వానాకాలం గోదావరి ఊరి మీదికి వచ్చింది. ఊరంతా కట్టుబట్టలతో బయటపడి మా కాలనీ పక్కనున్న బడికి చేరింది. చిన్నమ్మ వచ్చింది, వాళ్ళాయన చిన్నబాపు రాలేదు. నీళ్ళు పెరుగుతున్నాయని తెలియగానే ఆయన ఒడ్డున బిగించిన కరెంటు మోటారును పైకి గుంజుకోవడానికి పోయాడట. ఒడ్డు పొలాల వాళ్ళంతా చేసే పనే అది. మోటారు పోతే పంట పోయినట్టే.

కాలనీ ఎట్లా కదిలిందో చెబితే గొప్పలు అంటారు గానీ, కదిలింది. మా వాళ్ళకు ఆపద కొత్త కాదు. మొదటి షిఫ్టు దిగినవాళ్ళు ఇంటికి పోకుండా మసి ముఖాలతోనే బడికి వచ్చారు. రెండో షిఫ్టు వాళ్ళు పొద్దున్నే కట్టెలు, గంజులు చేర్చి డ్యూటీకి పోయారు. రెండు యూనియన్లు రెండు పొయ్యిలు పెట్టాయి. ఒక గంజులో పప్పు, ఇంకో గంజులో సాంబారు, ఒకరి గంజులోకి ఒకరు తొంగిచూసుకోవడం. మంచిర్యాల నుంచి వ్యాపారులు బిస్కెట్లు, అరటిపండ్లు తెచ్చి, పంచినంతసేపు ఫోటోలకు నిలబడి, మళ్ళీ కార్లెక్కారు. నేను తప్పుపట్టను. ఫోటో కోసం తెచ్చినా ఆ పండ్లు పిల్లల కడుపులోకే పోయాయి.

ఊరివాళ్ళ తీరు వేరు. వాళ్ళు గోల చెయ్యలేదు. బడిలో కూడా ఏ వాడవాళ్ళు ఆ వాడగానే కూర్చున్నారు, ఊళ్ళో పక్కపక్క ఇళ్ళవాళ్ళు తరగతి గదిలోనూ పక్కపక్కనే. మా వాళ్ళు మాటిమాటికీ గడియారం చూస్తుంటే, వాళ్ళు మాటిమాటికీ బయటికొచ్చి ఏరు ఉన్న దిక్కుకు చూసేవారు. ఎవరు పలకరించినా ముందు బర్ల సంగతి అడిగేవారు. పెట్టింది తిన్నారు, ఎక్కువ అడగలేదు. చిన్నమ్మ ఒక్కతే తినలేదు.

మా ఇంటికి రమ్మంటే రానన్నది. ఊరంతా ఇక్కడుంటే మీ చిన్నబాపు వచ్చి నన్ను ఎక్కడ వెతుక్కుంటాడని అడిగింది. సరే అని నేనే క్యారియర్‌లో అన్నం, చిక్కుడుకాయ కూర పెట్టుకుపోయాను. మూత తీయకముందే ముఖం తిప్పుకుంది.

"తీస్కపో బిడ్డా."

"నిన్నటి సంది ఏం తినలే నువ్వు."

"నాకద్దు. తీస్కపో."

మా క్వార్టర్ల వరుసలో ఉండే ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. మన చేతిది తినదేమో, గంత పట్టింపు ఏందో అని ఒకామె నాకు వినబడేటట్టే అన్నది. నాకు చిన్నమ్మ మీదా కోపమే, ఆమె మీదా కోపమే. క్యారియర్ పట్టుకుని తిరిగొచ్చాను.

నేను అంతగా ఎందుకు బతిమాలానో చెప్పాలి. నా చిన్నప్పుడు గనిలో పైకప్పు కూలి మా నాన్న, ఇంకొందరు లోపల చిక్కుకుపోయారు. అమ్మ నన్ను ఎత్తుకుని గని మూతి దగ్గర కూర్చుంది. కాలనీ ఆడవాళ్ళు ఇళ్ళ నుంచి సద్దులు కట్టుకొచ్చి, కూర్చున్న ఒక్కొక్కరికీ బలవంతంగా తినిపించారు. ఒక ముసలామె అమ్మ నోట్లో ముద్ద కుక్కుతూ "తిను. తినకుంటే ఎదురుసూసుడు ఎట్లయితది" అన్నది నాకు గుర్తే. నాన్న బయటికొచ్చాడు. అప్పటి నుంచీ మా దగ్గర అది పద్ధతి. లోపల మనిషి ఉన్నాడంటే బయటున్నవాళ్ళకు అన్నం పోవాలి. తిన్నామంటే వస్తాడని నమ్మినట్టు. తినకపోతే ఆశ వదులుకున్నదని మాకు గుబులు.

ఆ సాయంత్రం వెనక వరుసలో ఉండే, మేమంతా ఆపా అని పిలిచే ఆమె మా ఇంటికొచ్చింది. వాళ్ళాయన కంపెనీ వర్క్‌షాపులో మెకానిక్. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు. పొయ్యి మీద పెట్టింది పెట్టినట్టే వదిలేసి మా కష్టసుఖాల్లోకి వచ్చే మనిషి. ముట్టకుండా తిరిగొచ్చిన క్యారియర్ చూసింది, సంగతి అంతా విన్నది.

"గామెకు బువ్వ గాదు బేటీ, పొయ్యి కావాలె" అన్నది. "మా దాంట్ల గూడ వండిన బువ్వ మయ్యత్ అయిన ఇంటికే పోతది. ఎవరన్న పోతేనే గద, ఆ ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. ఆమె మనిషి వస్తడని కూసున్నది. నువ్వు వండి తీస్కపోతే ఏం చెప్పినట్టు?"

నాకు తెలియని మాట కాదు. మా అమ్మ పుట్టిందీ ఆ ఊరి పక్క ఊళ్ళోనే. చావు ఇంటికి చుట్టాలు వండి తీసుకుపోతారని కాలనీలో పిల్లలకు కూడా తెలుసు. కానీ గని మూతి దగ్గర ఒక తరం కూర్చున్నాక మా లెక్క తిరగబడింది. ఎదురుచూసే మనిషికి అన్నం తీసుకుపోవడం మాకు ధైర్యం చెప్పడం, చిన్నమ్మకు అదే అన్నం నీ మొగుడు పోయాడని చెప్పడం. కాలనీ అంతా ప్రేమతో వరుసగా ఆమెకు ఆ కబురే మోసింది.

ఆపా ఇంటికి అప్పటికే గ్యాసు వచ్చింది. పెరట్లో పడేసిన పాత బొగ్గుల పొయ్యి తెచ్చింది. నేను బియ్యం, పప్పు, చిన్న గిన్నె, రెండు పళ్ళేలు తీసుకున్నాను. బకెట్‌లో బొగ్గు మోసుకుని బడి వరండా మూలకు చేర్చాం. చిన్నమ్మ చూసింది. ఏమీ అడగకుండా లేచొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. కట్టెల పొయ్యి తప్ప ఎరగని మనిషి, బొగ్గు అంటుకోక ఊది ఊది వరండా అంతా పొగ చేసింది. "జర ఆగు అక్కా, కింద కట్టెపుల్లలు పెట్టాలె" అని ఆపా నేర్పించింది. అన్నం ఉడికాక చిన్నమ్మ రెండు పళ్ళేల్లో సగం సగం పెట్టింది. ఒకదాని మీద గిన్నె బోర్లించింది. రెండోది తాను తిన్నది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

నీళ్ళు తీశాక ఊరివాళ్ళు వెనక్కి పోయారు. చిన్నబాపు మోటారు దొరికింది. మిట్ట మీద తుమ్మచెట్టుకు తాడుతో గట్టిగా కట్టేసి ఉంది. తనది ఎక్కించి, పక్క చేను వాళ్ళ మోటారు కోసం మళ్ళీ దిగాడట. ఆ పక్క చేను ఆయన బడిలో అన్నిరోజులూ చిన్నమ్మకు ఎదురుపడకుండా ఎందుకు తిరిగాడో నాకు అప్పుడు అర్థమైంది. మనిషి మాత్రం దొరకలేదు.

బురద ఎత్తిపోసిన ఇంట్లో చిన్నమ్మ రోజూ పొయ్యి ముట్టించేది, రెండు పళ్ళేల్లో పెట్టేది. ఆయన వంతు మూతేసి ఉంచి మర్నాడు బర్రెకు పెట్టేది. పెద్దమనుషులు వచ్చి దినాలు చెయ్యమన్నారు. మనిషి దొరకకపోయినా చేసే పద్ధతి ఉందన్నారు. నేను వాళ్ళ మీద లేచాను. "ఆమె బియ్యం, ఆమె పొయ్యి. మీకేంది నష్టం?" అన్నాను. వాళ్ళు నాతో వాదించలేదు. వాళ్ళలో పెద్దాయన చిన్నమ్మ వైపు తిరిగి మెల్లగా ఒక మాట చెప్పాడు. "పెత్రమాస వస్తున్నది చెల్లె. ఆ దినం పోయినోళ్ళ పేరు మీద బియ్యం ఇస్తం. ఆయన పేరు నువ్వు ఎత్తకపోతే ఆయనకు ఎవలిస్తరు?"

పెత్రమాస ఇంకా కొద్దిరోజులు ఉందనగా పక్కింటివాళ్ళ సెల్లు నుంచి నాకు ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది.

"ఇయ్యాల నేను పొయ్యి ముట్టియ్యలే బిడ్డా. నువ్వు వండుకరా."

ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు వంటింట్లో నిలబడే ఉన్నాను. తర్వాత బియ్యం కడిగాను. ఆయన ఉన్నాడేమోనన్న ఆశ నాకూ ఉందని, ఆ ఎసరు మరుగుతున్నప్పుడే తెలిసింది. వండకపోతే ఆ ఆశ ఇంకొంచెం నిలుస్తుందనిపించింది. వండాను. ఆపా నా చేతిలో క్యారియర్ చూసి ఎక్కడికని అడగలేదు, "ఆగు, నేనుగూడ వస్త" అని చెప్పులేసుకుంది. ఇద్దరం బస్సెక్కాం.

చిన్నమ్మ పొయ్యి అలికి ఉంది, అందులో బూడిద కూడా లేదు. నేను పెట్టిన అన్నం ముందుకు జరుపుకుంది. అలవాటుగా చెయ్యి అన్నంలో గీత గీసి సగం పక్కకు జరిపింది. పక్కనున్న గిన్నె అందుకోబోయి ఆగింది. కాసేపు ఆ సగాన్నే చూసింది. తర్వాత రెండూ కలిపి, మెతుకు మిగలకుండా తినేసింది.