మిస్ ఓలీటా చేతికిచ్చే తురుముపీట

"వచ్చే వారానికి మా జూనీ బరువు పెరగకపోతే తిండి పట్టించడానికి ముక్కులోంచి గొట్టం వేస్తారట, మిస్ ఓలీటా!"

"చేతులు కడుక్కున్నావా?" అందావిడ.

మా దక్షిణ కెరోలైనా ఊళ్లో మిస్ ఓలీటా గ్రియర్ ఇంటికి ఎవరు ఏ పనిమీద వెళ్ళినా ఆవిడ చేసే పిమెంటో చీజ్ అనే బ్రెడ్డు మీద రాసుకునే ముద్ద కోసం చీజ్ తురమాల్సిందే. తురిమి సంచుల్లో అమ్మేదంటే ఆవిడకు ఒళ్ళుమంట. "అది చీజా, రంపపు పొట్టు!" ఆవిడ తుంటి ఆపరేషనుకు ముందు ప్రార్థన చెయ్యడానికొచ్చిన పాస్టరు చేతికీ తురుముపీట ఇచ్చింది. "ప్రార్థన నోటితోనే కదా, చేతులు ఖాళీయే!" పక్కింటి పూలమొక్కల మీదికి కారెందుకు తోలావని అడగడానికొచ్చిన పోలీసు, మీసానికి చీజ్ అంటించుకుని, జరిమానా సంగతి మరిచి వెళ్ళిపోయాడు.

నేను బయోకెమిస్ట్రీ చదివినదాన్ని. నా పాప జూనీ తినే ముద్దముద్దనూ తూచి, దాని బరువుకి గ్రాఫు గీసేదాన్ని. గీత మాత్రం పైకి లేవదు.

ఆవిడ జూనీని నా వెనక ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, నా ముందు చీజ్ దిమ్మ పడేసింది.

"సగం ముతగ్గా, సగం సన్నగా. వెనక్కి తిరక్కు."

"దానికి గొంతులో అడ్డం పడితే?"

"నా రెండు కళ్ళూ దానిమీదే. తురుము!"

తురిమాను. ఆవిడ మయొనైజు, ఎర్రటి తియ్యమిరప ముక్కలు వేసి ఫోర్కుతో మెదిపింది. కారం డబ్బా తీసి, ఏమనుకుందో మళ్ళీ లోపల పెట్టేసింది. గిన్నె నా వెనక్కి వెళ్ళింది. తర్వాత చప్పుడే లేదు.

"ఏడవట్లేదేంటండీ? ఊపిరి తీస్తోందా?"

"తురుమవే పిల్లా!"

వేలి కణుపు చెక్కుకుపోయింది. ఇక ఆగలేక తిరిగాను. జూనీ మోచేతి దాకా గిన్నెలో ఉంది. కనుబొమల్లో మిరప ముక్కలు, బుగ్గ నిండా చీజ్! నన్ను చూడగానే నమలడం మానేసి పెదాలు బిగించుకుంది.

మిస్ ఓలీటా నా తల పట్టుకుని మళ్ళీ ముందుకు తిప్పింది. "చూశావా? నీ మొహం చూస్తే పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంది పాపం దానికి."

వారమంతా వెళ్ళి తురిమాను. డాక్టరు తూకంలో ముల్లు ముందుకు జరిగింది.

"మీరసలు చీజే తినరు కదా! ఊరందరిచేతా ఎందుకు తురిమిస్తారు?" అన్నాను.

"డాక్టరు మానమన్నాడమ్మా. కానీ బెంగతో వచ్చినవాళ్ళ చేతికి పనివ్వకపోతే గోళ్ళు కొరుక్కుంటారు. నా ఇల్లంతా గోళ్ళు! సరే, విను: దాని నోటికి కాపలా కాయకు. పక్కన కూర్చుని నువ్వు కడుపునిండా తిను."

పూటపూటా అదే చేస్తున్నాను. ఇప్పుడు గ్రాఫులో జూనీ గీత కన్నా నా బరువు గీతే వేగంగా పైకి పోతోంది.