బ్యాంకాక్ డబ్బాలో చాదర్‌ఘాట్ పూలు

ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చున్నవి కొన్ని తెల్లపూలు. నవ్వకండి. పూలకేం బరువని మీరనుకోవచ్చు, నేనూ అలాగే అనుకున్నాను. పెళ్లాంపిల్లలకు చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు. దేవుడికి చెప్పాలంటే ముందు నాకు నేను చెప్పుకోవాలి కదా, అక్కడే నోరు పెగల్లేదు. మీ ముఖం నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆబిడ్స్‌లో నాకు పూలకొట్టు ఉండేది. తొంభైల చివర్లో ఊళ్లో ఆర్కిడ్ల పిచ్చి మొదలైంది. అంతవరకూ గులాబీలతో సరిపెట్టుకున్న పెద్దమనుషులకు ఉన్నట్టుండి గులాబీ నాసిరకంగా కనిపించింది. "బ్యాంకాక్‌వేనా?" అదీ అందరి మొదటి ప్రశ్న. నేనమ్మే ఆర్కిడ్లకు వాసన ఉండదు. అయినా ఒకావిడ గుత్తిలో ముక్కుపెట్టి, కళ్లు మూసుకుని, "అబ్బ, ఏం సువాసన!" అనేది. లక్డీకాపూల్ హోటలు మేనేజరు ఒకడు కాడను లైటుకు అడ్డంపెట్టి చూసి, అంతా తెలిసినవాడిలా తలూపేవాడు. వాడికి బంతికీ చామంతికీ తేడా తెలియదు. ఇలాంటివాళ్లను మోసం చేయడం కూడా పాపమేనా? వాళ్ల విషయంలో నాకిప్పటికీ చీమకుట్టినట్టయినా లేదు.

వ్యాపారం సంగతి చెప్తాను, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. పూలు విమానంలో వచ్చేవి. పువ్వు ఖరీదు కంటే దాని ప్రయాణం ఖర్చే ఎక్కువ. ఒక్కో కాడ చివర చిన్న ప్లాస్టిక్ గొట్టం, అందులో కాసిని నీళ్లు, పైన అర్థంకాని అక్షరాలున్న కవరు. ముంబైలో విమానం మారేచోట ఆలస్యమైతే డబ్బాలో సగం చెత్తకుప్పకే. మిగిలిన సగం మీదే అంతా రాబట్టుకోవాలి. అదే పువ్వు ఊళ్లోనే దొరికితే? విమానం లేదు, పాడైపోవడం లేదు. కానీ ఊళ్లో పూసిన పువ్వుకు ఆ ధర ఎవడిస్తాడు?

అలాంటప్పుడు వచ్చింది రూతమ్మగారు. ఆమె భర్త దేవదానంగారు నాంపల్లి స్టేషన్లో పనిచేసి రిటైరైన మనిషి. చాదర్‌ఘాట్‌లో సొంతిల్లు, పైన డాబా. ఇంటి మీద ఆర్కిడ్లు పెంచితే కూర్చుని తినొచ్చని ఎవడో నర్సరీవాడు చెబితే నమ్మి, రిటైర్మెంటు డబ్బులు మొక్కల మీద, నీడకు కట్టే గ్రీన్ నెట్టు మీద, కుండీల్లో మట్టికి బదులు వేసే బొగ్గుల మీద, కొబ్బరిపీచు మీద పోశారు. అవి పూయడానికే ఏళ్లు పట్టింది. బోరునీళ్లు ఆ మొక్కలకు పడవు, ఉప్పు. అందుకని ఎండాకాలంలో ఆలుమగలిద్దరూ బోరునీళ్లతో స్నానంచేసి, నల్లా నీళ్లు మొక్కలకు పోసేవాళ్లట. చివరికి పూశాయి, తెల్లగా. ఎంత చక్కగా పూశాయంటే, చూడగానే నాకు భయమేసింది.

ఆమె వాటిని తడిగుడ్డలో చుట్టుకుని సిటీబస్సులో తెచ్చేది. నేనేం చేశాను? కాడను అటూ ఇటూ తిప్పాను. పెదవి విరిచాను. "లోకల్ మాల్ అమ్మా, సెకండ్ క్వాలిటీ" అన్నాను. బ్యాంకాక్ ధరలో నాలుగోవంతు చేతిలో పెట్టాను. ఆమె మెట్లు దిగగానే పాత గొట్టాలు, పాత కవర్లు, పాత డబ్బా బయటికి తీసి, ఆ పూలను వాటిలో సర్ది బ్యాంకాక్ ధరకే అమ్మాను. పొద్దున కోసిన పూలు కదా, విమానం దిగినవాటికంటే ఎక్కువ రోజులు నిలిచేవి. "ఈసారి మాల్ బాగుంది" అన్నాడు హోటలువాడు. కడుపుబ్బ నవ్వుకున్నాను.

నవ్వినంతసేపు నాకు తట్టని సంగతి ఒకటుంది. నా మాట ఆమె ఇంటికి మోసుకెళ్లేది. ఆయన నమ్మేవాడు. నీడ ఎక్కువైందేమోనని నెట్టు మార్చేవాడు, బొగ్గులు మార్చేవాడు, ఎరువు మార్చేవాడు. లేని లోపాన్ని వెతుక్కుంటూ ఆ ముసలాయన ఏళ్లతరబడి డాబా మెట్లెక్కి దిగాడు. నేను మాత్రం ప్రతివారం పెదవి విరుస్తూనే ఉన్నాను. అంత నీచుణ్ణి ఎలా అయ్యాను? అయ్యానా, మొదటినుంచీ అంతేనా?

ఒక మే నెలలో, ఎప్పటిలా పూలిచ్చి వెళ్లిన మర్నాడే, మళ్లీ వచ్చింది. చేతిలో తడిగుడ్డ లేదు. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"బాబూ, మా సారు పోయిండు" అంది. "రాత్రి గుండెల పట్టేసింది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపాయె. మాపటికి సమాధుల తోటకు తీస్కపోతరు. పెట్టె మీద పెట్టనీకి పూలు గావాలె. బ్యాంకాక్‌వి ఇయ్యి."

"మీ ఇంట్లనే ఉన్నయి గదమ్మా" అన్నాను.

"అవెందుకు బాబూ? సెకండ్‌వి. ఉన్నన్నాళ్లు వాటితోనే తిప్పలపడ్డడు. గీ ఒక్కనాడన్న మంచియి పెడ్త."

ఆ వారం విమానం డబ్బా రాలేదు. ఫ్రిజ్‌లో ఉన్నవి ఆమె ముందురోజు తెచ్చినవే, అప్పటికే పరదేశం కవరు తొడుక్కుని. తీసి బల్లమీద పెట్టాను. ఆమె కవరు జరిపి ఒక్కో రేకునూ వేలితో నిమిరింది. తను కోసిన పూలను గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది? తనవి ఇలా ఉండవని అన్నేళ్లు చెప్పిందే నేను కదా.

"సూడు, పూలంటే గివి" అంది. "మావి గిట్ల ఎందుకు రాలే బాబూ? ఏం తక్కువ జేసిండు మా సారు?"

అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే ఏమవుతుంది? మర్నాటినుంచి సరైన ధర ఇవ్వాలి. నా బ్యాంకాక్ గుట్టు ఆబిడ్స్ అంతా పాకుతుంది. భర్త శవాన్ని ఇంట్లో పెట్టుకుని నిలబడ్డ మనిషి ముందు నా బుర్ర చేసిన ఆలోచన అది.

"గీడ గాలి పడదమ్మా వాటికి" అన్నాను.

డబ్బులు తీసుకున్నాను. పైగా డిస్కౌంట్ ఇచ్చాను, థూ. ప్రభువు నిన్ను చల్లగా చూడాలని దీవించి వెళ్లింది.

ఏదైతేనేం, ఆయన పూలే ఆయనమీదికి చేరాయి కదా అని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. ఎంత చవకబారు ఓదార్పో చూడండి. హోటలు మేనేజరును వెక్కిరించాను గానీ, వాడు తెలియక తలూపాడు, నేను తెలిసి పెదవి విరిచాను.

ఆ తర్వాత ఆమె పూలు తేలేదు. సరుకు ఆగిపోయిందన్న చిరాకుతో చాదర్‌ఘాట్ వెళ్లాను, పరామర్శకు కాదు. డాబా మీద గ్రీన్ నెట్టు లేదు, బట్టలారేసిన తీగ ఉంది. కుండీలు ఓ మూల బోర్లించి ఉన్నాయి. నా కొట్లో పూలు చూశాక తమవి ఉంచుకోబుద్ధి కాలేదని, మొక్కలన్నీ పీకించేశానని చెప్పింది. చాయ్ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

కొట్టు ఎప్పుడో మూశాను. ఆమె ఉందో లేదో కనుక్కోలేదు. ఉందని తెలిస్తే వెళ్లాల్సి వస్తుందని భయం. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ హక్కు మీది కాదు. గొంతులో ఇరుక్కున్నది బయటికి వస్తే చాలు. ఆ రోజు బల్ల దగ్గర పూలు చుట్టినంతసేపు కూడా పట్టని మాట ఇది.

రూతమ్మగారూ, అవి మీ డాబా మీది పూలే. మీ సారు ఏం తక్కువ చేయలేదు.