ఇంటినిండా వడ్లే

నా చిన్నప్పుడు మా ఇల్లు ఊళ్లో ఉండేది కాదు. వేములపల్లి దాటాక, వాగు అవతల, మా పొలాల నడుమ ఒంటరిగా ఉండేది. ఎండాకాలం ఆ వాగులో పాదాలు తడవడమే గొప్ప. వానలు పట్టాయంటే మాత్రం మేమొక దిక్కు, లోకమంతా ఒక దిక్కు. బడి ఉండదు, బజారు ఉండదు. పిల్లలం కదా, మాకదే పండగ.

ఆ ఇంట్లో నాకు నచ్చనిదల్లా మా తాతయ్య పెట్టిన కట్టుబాట్లు. పొద్దు వాలగానే నిన్నటి తాగే నీళ్లు చెట్లకు పోసి, బిందెలు తోమి, మళ్లీ నింపి, మూతులకు గుడ్డలు కట్టాలి. ఆ పని నాది. బియ్యం గోలెం సగానికి దిగకముందే వడ్లు మర పట్టించడానికి గిర్నికి పోవాలి. కొత్త బియ్యం వచ్చాయంటే పాతవన్నీ పైకి తీసి, కొత్తవి అడుగున పోసి, పాతవి మళ్లీ మీద పోయాలి. ఎండు కట్టెలు అటక మీద, అగ్గిపెట్టెలు మూత గట్టి డబ్బాలో. మా నాయనమ్మ ఇవన్నీ నోరు మెదపకుండా చేసేది. నేను మాత్రం బిందె తోమినంతసేపూ గొణుగుతూనే ఉండేదాన్ని. ఇంత చాదస్తం ఎవరింట్లోనూ చూడలేదని నా బాధ.

ఒక ఏడు కోతలు అయ్యాక మబ్బులు పట్టాయి. పొలంలో వడ్లన్నీ హడావిడిగా బస్తాలకెత్తి ఇంట్లో వేశారు. నడవడానికి దారి లేదు. నేనూ తమ్ముడూ బస్తాల మీదే ఎక్కి పడుకున్నాం. తాతయ్య గుమ్మంలో నిలబడి మబ్బు వంక చూస్తుంటే, ఆయన పరేషాన్ చూసి నాకు నవ్వొచ్చింది. ఇంటినిండా వడ్లున్నాయి, వాగు వస్తే రానీ, ఏడాదంతా కూసోని తింటం అన్నాను. ఆయన నా వంక చూసి లోపలికి పోయాడు.

ఆ మబ్బు కురవకుండానే తేలిపోయింది. తెల్లారేసరికి ఎండ కాస్తోంది. అమ్మా నాయనా బంధువులింట్లో పెళ్లికని పెన్‌పహాడ్ బయల్దేరారు. వాళ్లు అటు పోగానే తాతయ్య తలుపు దగ్గరికి వేశాడు.

"ఇవాళ వాగొచ్చిందనుకోర్రి. ఎవ్వలు గడప దాటొద్దు. ఇంట్ల ఉన్నదే తినాలె" అన్నాడు.

మాకు భలే సరదా అనిపించింది. ఆకలి వేళకు గోలెం మూత తీస్తే అడుగు కనబడింది. తాతయ్య బియ్యమంతా ఎత్తి లోపలి గదిలో పెట్టి తాళం వేశాడు. ఎప్పుడూ మూలన ఉండే రోకలి కూడా కనపడలేదు. నాయనమ్మను అడిగితే ముఖం తిప్పుకుంది. తాతయ్య ఒక బస్తా మూతి విప్పి, పళ్లెంలో వడ్లు పోసి మా ముందు పెట్టాడు. "ఏడాదంత తింటనంటివి గద బిడ్డా, తిను" అన్నాడు. ఆ మాటలో వెక్కిరింపు లేదు, అందుకే నాకు భయం వేసింది.

వడ్లు నోట్లో వేసుకుంటే పొట్టు నాలుకకు గుచ్చుకుంది. ఉమ్మేసి, గోళ్లతో వొలవడం మొదలుపెట్టాం. ఒక గింజ వస్తుంది, ఇంకోటి విరుగుతుంది. వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయాయి. తమ్ముడు ఏడుస్తూనే వొలుస్తున్నాడు. ఎండ వాకిట్లోంచి పెరట్లోకి మళ్లింది, మా పళ్లెంలో మాత్రం చిట్టి పిడికెడు కూడా కాలేదు.

అప్పటిదాకా పొయ్యి దగ్గర కూర్చున్న నాయనమ్మ లేచి వచ్చింది. మా చేతుల వంక చూసి పళ్లెం లాగేసుకుంది. "సాలు. పిల్లలతోని గీ పని జేపియ్యకు" అని తాతయ్యతో అంది. ఆమె ఆయనకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు.

తాతయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. మాకొక మేనత్త ఉండేదని ఆ రోజే తెలిసింది. మా నాయన కంటే చిన్నది. అన్నదమ్ములు వేరుపడ్డ కొత్తలో తాతయ్య ఈ ఇల్లు కట్టుకున్నాడు. రోలూ రోకలీ ఊళ్లో ఇంటితోపాటు అన్నకే వదిలేశాడు. మిర్యాలగూడలో గిర్నీలుండగా దంచుకునే ఖర్మ మనకెందుకన్నాడట. వరి పండిస్తున్నాం, జొన్నలు తినే రోజులు పోయాయని గొప్పగా చెప్పుకునేవాడట. ఆ ఏడు పాత బియ్యం అయిపోవచ్చాయి. కొత్త వడ్లు ఆరితే గిర్నికి తోలుదామని ఆగారు. ఇంతలో తుఫాను పట్టింది, వాగు పొంగింది. బావిలోకి వరద నీళ్లు దిగాయి. తాగడానికి పట్టి పెట్టుకున్న నీళ్లు లేవు. ఆ బురద నీళ్లే వడగట్టి తాగారు. పెద్దవాళ్లూ, మా నాయనా తట్టుకున్నారు. పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి.

అది గంజి కావాలంది. ఏడవను కూడా ఓపిక లేక, మెల్లగా, అమ్మా గంజి అంటూనే ఉందట. చుట్టూ వడ్ల బస్తాలు. పేలాలు వేయిద్దామంటే పచ్చి వడ్లు, తడి కట్టెలు. రాయి మీద నూరితే పిండీ పొట్టూ ఒకటైపోయాయి. చివరికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గోళ్లతో వొలిచారు. పిడికెడు కాగానే నాయనమ్మ ఆ తడి కట్టెలతోనే ఊది ఊది పొయ్యి రాజేసింది. ఈత వచ్చిన వాడెవడైనా అవతలి గట్టున కనపడతాడేమోనని తాతయ్య వాగు దాకా ఉరికాడు. తిరిగి వచ్చేసరికి పిల్ల లేదు.

"గంజి కాగేటాల్లకు పానం పోయింది" అని ముగించాడు తాతయ్య.

నాయనమ్మ వడ్ల పళ్లెం అలాగే పట్టుకుని నిలబడి ఉంది. ఆయన వంక చూడకుండా, మా వంక చూస్తూ చెప్పింది.

"గంజి కాగింది. సల్లార్చి చెంచతోని పోసిన. నోట్లె వోసింది పోసినట్టే పెదవుల పొంటి కారింది. పానం ఉన్నది గని గుటక వడలే. ఒక్క పూట ముందు పోసుంటె మింగుతుండె."

తాతయ్య తలెత్తాడు. అన్నేళ్లూ ఆమె ఆ మాట దాచింది. ఎట్లాగూ పోయే ప్రాణమే, గంజి అందేదే కాదని ఆయన సర్దిచెప్పుకుని బతుకుతున్నాడు. ఆ ఒక్క ఊరటా తీసేయడం ఇష్టం లేక ఆమె తన కడుపులోనే పెట్టుకుంది. మా కందిన వేళ్లు చూసేసరికి ఇక ఆగలేకపోయింది. మా తాతయ్య ఏడవడం ఆ రోజు చూశాను. చప్పుడు లేకుండా, పిల్లల ముందు ఏడుస్తున్నాననే సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. నాయనమ్మ పళ్లెం కింద పెట్టి ఆయన పక్కన కూర్చుంది. మాకు ఆకలి గుర్తు రాలేదు. ఆ రోజు నుంచి నేను బిందె తోమేటప్పుడు గొణగలేదు.

పెళ్లయి సూర్యాపేట వచ్చి నా బతుకంతా ఇక్కడే గడిచింది. ఇప్పుడు డాబా ఇల్లు, బోరు, మోటరు, ట్యాంకు అన్నీ ఉన్నాయి. అయినా వంటింట్లో బియ్యం డబ్బా సగానికి దిగనివ్వను. నెలకొకసారి పప్పు, ఉప్పు, బెల్లం పాతవి వాడి కొత్తవి పెడతాను. తాగే నీళ్లు వేరుగా మూతపెట్టి ఉంచుతాను. మా కోడలిది కోదాడ. "ఫోన్ నొక్కితే పది నిమిషాల్లో ఇంటికొచ్చేస్తుంది కదా అత్తయ్యా, ఇవన్నీ ఎందుకు?" అని నవ్వేది. మొన్నటి వానలకు ఊరి చుట్టూ దారులు తెగాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. బోరులో నీళ్లున్నాయి, తోడే దిక్కు లేదు. అప్పుడు నాకు కనబడింది ఆ ఇంటినిండా వడ్లే. ఇంట్లో ఉండడం వేరు, నోటికి అందడం వేరు. నేను పట్టి పెట్టిన నీళ్లు మా ఇంటికీ, పక్కింటి బాలింతకూ సరిపోయాయి. కోడలు ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గెలిచానని సంబరపడే సంగతి కాదది.

నాకు ముందుచూపు ఎక్కువని చుట్టాలంటారు. ముందుచూపు లేదు, ఏమీ లేదు. భయం. నేను చూడని ఒక పిల్ల, ఫొటో కూడా లేని పిల్ల, నా కంటే చిన్నగానే ఉండిపోయిన మా మేనత్త పెట్టిన భయం. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా వాళ్లు అడగకముందే గంజి కాచి, చల్లార్చి, మంచం పక్కన కూర్చుంటాను. మనవరాలు విసుక్కుంటుంది, తర్వాత తాగుతానంటుంది. బతిమాలో బెదిరించో చెంచా నోటికి పెడతాను. అది గుటక వేసేదాకా నా గొంతులో గుటక దిగదు.